ఆయుధములేని రాయబారి: కార్డినలు కొన్సాల్వి



పల్లెటూళ్ల పెద్దలకు తెలియని విషయము కాదు. అన్నదమ్ములిరువురకు పొలముగట్టు తగవు వచ్చును. పెద్దమనుష్యులు నడుమ కూర్చుండి రెండుమూడు నాళ్లు మాటలాడి, తుదకు ఉభయులను ఒక మాటకు తెత్తురు. పిమ్మట వ్రాయసకాడు కాగితము వ్రాసి తెచ్చి చేవ్రాలునకు ముందుంచును. అప్పుడు బుద్ధిమంతుడు చేయవలసినదేమి? తాను చెవులార విన్న మాటలే ఆ కాగితముమీద నున్నవో, లేక వేఱు మాటలు వచ్చి చేరినవో మొదటి పంక్తినుండి కడపటి పంక్తివరకు చదివికొనవలెను. ప్రొద్దుపోయినదనియో, ఎదుటివారు గొప్పవారనియో మొగమోటపడి చదువక చేవ్రాలు చేసినవాని బిడ్డలు కచ్చేరీ మెట్లెక్కుచునే యుందురు.

నేడు నేను మనవిచేయబోవు కథయందు ఒక రాయబారి యిట్లే చేవ్రాలునకు ముందు కాగితమును చదివికొనెను. అది పొలముగట్టు కాగితము కాదు. ఫ్రాన్సు దేశమందలి కోట్లకొలది ప్రజల మతజీవనమునకు సంబంధించిన ఒడంబడిక. ఎదుటి కక్షియు సామాన్యుడు కాడు. ఐరోపా ఖండమును గడగడలాడించిన నెపోలియను బోనపార్టి. మన రాయబారివెనుక చెప్పుకొనదగిన సైన్యము లేదు, ధనము లేదు. ఆయన పేరు ఎర్కోలే కొన్సాల్వి. జన్మస్థానము రోమునగరము, పదవి కాథొలిక్కు క్రైస్తవసంఘమున కార్డినలు.

కథకు ముందు రెండుమాటలు. రోమునందలి పోపు కాథొలిక్కు క్రైస్తవులకెల్ల పరమగురువు. ఆ కాలమున ఆయన గురువు మాత్రమే గాక రాజును గూడ. ఇటలీ నడుమ నొక దేశమును ఏలుచుండెను. పోపునకు ఆలోచన చెప్పువారును, ఒక పోపు గతించినపుడు మఱియొకరిని ఎన్నుకొనువారును కార్డినలులు. ఎఱ్ఱని వస్త్రములు వారి పదవికి చిహ్నము. వారిలో నొకడు రాజ్యకార్యదర్శియను పేర పోపునకు ప్రధానామాత్యుడై పరరాజ్యములతోడి వ్యవహారమును నడుపును. కొన్సాల్వి ఆ పదవిని రెండుమాఱులు వహించెను.

రాయబారమనగా మనకు ఉద్యోగపర్వము జ్ఞప్తికి వచ్చును. కౌటిల్యుడు అర్థశాస్త్రమున దూతలను మూడు తెగలుగా విభజించినాడు. కార్యభారమంతయు తనపై నుంచబడినవాడు నిసృష్టార్థుడు. ఇంతవఱకే మాటలాడవలెనని హద్దు గలవాడు పరిమితార్థుడు. రాజు వ్రాసి యిచ్చిన దానిని చేర్చి వచ్చువాడు శాసనహరుడు. ఈ మూడు మాటలను మనస్సున నుంచుకొనిన, కొన్సాల్వి చేసిన పనియొక్క బరువు మనకు తెలియును.

ఆయన 1757 వ సంవత్సరము జూను 8 వ తేదీన ఒక ప్రభువంశమున జన్మించెను. బాల్యముననే తండ్రిని గోల్పోయెను. ఫ్రస్కాటి యను నూరిలో, ఇంగ్లండు సింహాసనమును గోల్పోయిన స్టూవర్టు వంశమున కడపటివాడగు కార్డినలు హెన్రీ నడపిన విద్యాలయమున చదివి, ఆ వృద్ధుని వాత్సల్యమునకు పాత్రుడయ్యెను. పిమ్మట రోములో ధర్మశాస్త్రము నభ్యసించి, పోపు కొలువున చేరి, 1792 లో రోటా యను ఉన్నత న్యాయస్థానమున న్యాయాధిపతి యయ్యెను. సంగీతమన్నను శిల్పమన్నను ఆయనకు ప్రీతి. మృదుభాషి. ఇంకొక విశేషము: మతసంఘమున అంత గొప్పవాడైనను ఆయన పూజ నడపు గురువుగా అభిషేకము పొందలేదు, డీకనను క్రింది మెట్టుననే జీవితాంతము నిలిచెను. దొరతనపు వ్యవహారమే ఆయనకు తపస్సు.

ఆ దినములలో ఫ్రాన్సున విప్లవము చెలరేగెను. 1789 లో మతసంఘపు భూములన్నిటిని ప్రభుత్వము లాగికొనెను. 1790 లో మతగురువులను ప్రభుత్వోద్యోగులుగా చేయుచు శాసనము పుట్టెను. దానికి ప్రమాణము చేసినవారొక పక్షము, చేయనివారొక పక్షముగా గురువులు చీలిపోయిరి. చేయనివారిలో ననేకులు దేశము విడిచి పాఱిపోయిరి, పలువురు చంపబడిరి. ఒక యూరిలో బిడ్డకు జ్ఞానస్నానము చేయించుటకును, చచ్చినవానికి అంత్యక్రియ జరపుటకును ఏ గురువును పిలువవలెనో తెలియక సామాన్యజనము తల్లడిల్లిరి. పెద్దలు పోట్లాడుకొనగా పేదవాని యింటి శుభాశుభములు నిలిచిపోయినవి. ఇదియే తరువాతి కథకంతకును మూలము.

1798 లో ఫ్రెంచిసైన్యము రోమును ఆక్రమించుకొనెను. ఎనుబదియేండ్లు దాటిన ఆఱవ పయస్ పోపును బందీగా కొనిపోయిరి. పోపు సేనావ్యవహారములు చూచుచుండిన కొన్సాల్విని కోటలో చెఱబెట్టి, తరువాత దేశమునుండి వెడలగొట్టిరి. పోపు 1799 ఆగస్టు 29 వ తేదీన ఫ్రాన్సు దేశపు వలాన్సు పట్టణమున చెఱలోనే కన్నుమూసెను. ఇక పోపులే యుండరని లోకులు పలువురు తలచిరి. కాని కార్డినలులు వెనీసు నగరమున నొక చిన్నదీవిలోని మఠమున సమావేశమైరి. ఆ సభకు కార్యదర్శిగా కొన్సాల్వి నెన్నుకొనిరి. మూడున్నర మాసములు మాటలు సాగెను. ఏ పేరునకును వలసినన్ని సమ్మతులు రాలేదు. తుదకు 1800 మార్చి 14 వ తేదీన బర్నబా కియారమోంటి యను సాధువర్తనుడు ఎన్నుకొనబడి, ఏడవ పయస్ అను పేరు ధరించెను. ఆ యేడే ఆగస్టులో క్రొత్తపోపు కొన్సాల్విని కార్డినలుగను రాజ్యకార్యదర్శిగను నియమించెను. అప్పటికి ఆయనకు నలుబదిమూడేండ్లు. నాటినుండి వీరిరువురకు గల మైత్రి రామసుగ్రీవులమైత్రివలె కష్టములచేతనే గట్టిపడినది.

అదే సంవత్సరము జూనులో నెపోలియను మరెంగో యుద్ధమున ఆస్ట్రియనులను ఓడించెను. గెలుపు చేతికి వచ్చిన వెంటనే పోపుతో సంధిమాటలు ఆరంభించెను. భక్తిచేత కాదు, ప్రజల మనస్సును మతము లేనిదే పాలించుట కష్టమని యాతడు కనిపెట్టెను. రోమునకు పంపిన తన దూతయగు కకోతో, పోపును రెండులక్షల సైనికులు గల రాజుగా నెంచి మర్యాద చేయుమని చెప్పెనని ప్రసిద్ధి.

పోపు మొదట స్పీనా యను గురువును పారిసునకు పంపెను. ఆయన పరిమితార్థుడు, విని వ్రాసి పంపుటయే గాని ముగించు నధికారము లేదు. మాసములు గడచెను. ఒక ముసాయిదా వెనుక నొక ముసాయిదా పుట్టెను. 1801 మే నెలలో నెపోలియను విసుగుచెంది, ఐదుదినములలో తన ముసాయిదాను మాఱుమాట లేక అంగీకరింపనిచో తన దూత రోము విడిచి రావలెనని యుత్తరువు పంపెను. పోపు తన మతధర్మమునకు విరుద్ధమైన వాక్యములను అంగీకరింపలేడు. కాదన్నచో ఫ్రెంచిసైన్యము మరల రోముపై బడును.

ఆ చిక్కున దారి చూపినవాడు ఎదుటిపక్షపు దూతయే. నేను ఉత్తరువు ననుసరించి వెడలిపోవుదును గాని, మీరే స్వయముగా పారిసునకు పొండని కకో కొన్సాల్వికి హితవు చెప్పెను. ప్రధానామాత్యుడే తన గడప త్రొక్కినచో నెపోలియను గర్వము తృప్తిపడునని ఆయన యెఱుగును. జూను 6 వ తేదీన వారిరువురును ఒకే బండిలో కూర్చుండి రోమునుండి బయలుదేఱిరి. సంధి చెడినదన్న వదంతి పుట్టి జనము కలవరపడకుండుటకే ఆ యొకేబండి. ఫ్లారెన్సువఱకు వచ్చి కకో నిలిచిపోయెను. కొన్సాల్వి ఒక్కడే ముందునకు సాగెను. శత్రుపక్షమునందును సజ్జనుని గుర్తించి వాని మాట వినుట రాజనీతిలో మొదటి పాఠము.

జూను 20 వ తేదీన ఆయన పారిసు చేరెను. ఇప్పుడీయన నిసృష్టార్థునివంటి వాడు. చేవ్రాలు చేయు నధికారము గలదు. కాని పోపు ఆమోదించిన ముసాయిదాయొక్క సారము మాఱరాదన్న కట్టడియును గలదు. నెపోలియను నిండుకొలువున మంత్రుల నడుమ ఆయనను రప్పించుకొని, ఐదుదినములలో ముగింపుమని గడువు పెట్టెను. ఆ గడువు ఐదునాళ్లతో ముగియలేదు, మూడువారములు దాటెను. ఫ్రెంచిపక్షమున బేరమాడినవాడు బెర్నియే యను గురువు. పగలు మాటలు, రాత్రి లేఖలు. తుదకు ఒక పాఠము కుదిరెను. జూలై 13 వ తేదీ సాయంకాలము నెపోలియను అన్నయగు జోసెఫు బోనపార్టి యింట చేవ్రాళ్లు జరుగునని నిశ్చయమయ్యెను. మఱునాడు ఫ్రాన్సువారి జాతీయోత్సవము. విందులో ఈ శుభవార్త ప్రకటింపవలెనని నెపోలియను తలంపు.

అందఱును బల్లచుట్టు కూర్చుండిరి. కాగితము వచ్చెను. కలము వచ్చెను. కొన్సాల్వి చేవ్రాలునకు ముందు చదువసాగెను. మొదటి పంక్తులలోనే ఆయన గుండె ఝల్లుమనెను. అది ఒప్పుకొనిన పాఠము కాదు! మునుపు తాము త్రోసివేసిన వాక్యములు మరల దానిలో చేరియున్నవి. ఇదేమని ఆయన అడుగగా, జోసెఫు తనకేమియు తెలియదనెను. బెర్నియే తలవంచుకొని, ఇది ప్రభువు ఉత్తరువనియు, చేవ్రాలు పడువఱకు మార్చు నధికారము ఎవరికైనను గలదనియు ఒప్పుకొనెను. ఈ వృత్తాంతమును కొన్సాల్వియే తరువాత తన స్మృతిగ్రంథమున వ్రాసికొనెను. అది ఒకపక్షపు వాఙ్మూలము, పదునొకండేండ్ల తరువాత వ్రాసినది. చదువువారు ఆ సంగతి మఱవరాదు. కాని రెండు పాఠములకు భేదముండెననియు, ఆయన చేవ్రాలు చేయ నిరాకరించెననియు సందేహము లేదు.

ఆయన కోపించి లేచిపోలేదు. భయపడి చేవ్రాలును చేయలేదు. కూర్చుండి, మొదటినుండి మరల మాటలాడుదమనెను. ఆ రాత్రియంతయు నిద్రలేక, మఱునాటి మధ్యాహ్నమువఱకు వాదము సాగెను. ఒక్కటి తప్ప అన్ని నిబంధనలును కుదిరినవి. ఆ యొక్కటి మొదటి నిబంధన. కాథొలిక్కు మతారాధన ఫ్రాన్సులో బహిరంగముగా జరుగునని దానిలో వ్రాయవలెను. ప్రభుత్వపు రక్షకశాఖ నియమములకు లోబడి జరుగునని ఫ్రెంచివారు చేర్చిరి. చూచుటకు చిన్నమాట. కాని నియమమనగా ఏ నియమము? నేడు ఊరేగింపు కూడదనవచ్చును. రేపు గంట మ్రోగింపరాదనవచ్చును. ఎల్లుండి ప్రసంగమును ముందుగా చూపుమనవచ్చును. ఆ చిన్నమాటలో మతసంఘమునంతటిని ప్రభుత్వపు వాకిట కట్టివేయు త్రాడు దాగియున్నదని కొన్సాల్వి గ్రహించెను.

జోసెఫు ఆ కాగితమును తమ్మునికడకు గొనిపోగా, నెపోలియను దానిని నిప్పులో పడవేసెనట. ఆ సాయంకాలమే విందు. రెండువందలమందికి పైబడిన అతిథుల నడుమ నెపోలియను కొన్సాల్విని జూచి, సంధి తెగిపోయినది, నీ పోపుతో నాకు పని లేదు, ఇంగ్లండు రాజగు ఎనిమిదవ హెన్రీ రోమును త్రోసివేసినట్లు నేనును త్రోసివేయగలనని బిగ్గరగా పలికెను. ఎప్పుడు ప్రయాణమని ఎగతాళిగా నడిగెను. భోజనము కాగానే యని కొన్సాల్వి శాంతముగా బదులిచ్చినట్లు తానే వ్రాసినాడు. ఆ మాటలో ధిక్కారము లేదు, దైన్యమును లేదు. ఆస్ట్రియా రాయబారి కోబెంజలు నడుమ బడి నెపోలియనును చల్లార్చి, ఇంకొకదినము మాటలాడుటకు ఒప్పించెను.

మఱునాడు మరల జోసెఫు ఇంట పండ్రెండుగంటల చర్చ. తుదకు కొన్సాల్వియే ఒక దారి కనుగొనెను. ప్రభుత్వ నియమములుండవచ్చును, కాని ప్రజాశాంతికొఱకు అవసరమని తోచినవి మాత్రమే యుండవలెను. ఇదియే చేర్చిన మాట. ప్రభుత్వమునకు వీధిలో శాంతిని కాపాడు హక్కు గలదని ఒప్పుకొనుట. గుడిలో దూఱు హక్కు లేదని సూచించుట. ఒక్క విశేషణముతో ఉభయులకును నిలుచుటకు చోటు దొరకెను. జూలై 15 వ తేదీ నడురేయి దాటిన పిమ్మట చేవ్రాళ్లు పడినవి. నిబంధనలు పదునేడు.

ఈ ఒడంబడికలో కొన్సాల్వి పోగొట్టుకొన్నదేమి? చాల గలదు. విక్రయమైపోయిన మతసంఘపు భూములను మరల అడుగబోమని ఒప్పుకొనెను. బిషప్పులను పేర్కొను హక్కు నెపోలియనునకు దక్కెను; పోపు వారికి మతాధికారము నొసగవలెను. అన్నిటికంటె బాధాకరమైన దొకటి. రోముపై విశ్వాసముచేత ప్రమాణము చేయక, పదవులు గోల్పోయి, పరదేశములలో ఆకలితో నుండిన ముసలి బిషప్పులను, మీ పదవులకు రాజీనామా లిండని పోపే యడుగవలసివచ్చెను. తనకొఱకు కష్టపడినవారినే తొలగుమనుట! కొందఱు కన్నీళ్లతో తొలగిరి; పలువురు నిరాకరించిరి. కొన్సాల్వి వ్యవహారదక్షత అంతయు ఒప్పుకొన్నను ఈ నిబంధన ఆయన కీర్తికి ముల్లువలె నున్నది. రాజీయనునది ఊరక రాదు. దాని వెల నెవరో ఒకరు చెల్లింపవలెను. ఆ వెల చెల్లించినవారిని మఱచి రాజీని పొగడుట న్యాయము కాదు.

పొందినదేమి? చీలిన గురువులొక్కటైరి. మూతబడిన గుడులు తెఱవబడెను. పల్లెవానికి తన బిడ్డ జ్ఞానస్నానమునకు గురువు దొరకెను. 1802 ఏప్రిలు 18 వ తేదీన, ఈస్టరు పండుగనాడు, పారిసు మహాదేవాలయమున ఒడంబడిక ప్రకటింపబడెను. అయితే నెపోలియను ఊరకుండలేదు. పోపును అడుగకయే డెబ్బదియేడు అనుబంధసూత్రములను తగిలించి, ముందు ద్వారమున వదలుకొన్నదానిని దొడ్డిదారిని చాలవఱకు లాగికొనెను. పోపు లేఖలు ప్రభుత్వానుమతి లేక దేశమున ప్రకటింపరాదన్నది అందొకటి. కాగితమునెంత చదివినను, ఎదుటివాని మనస్సును చదువజాలముగదా!

కాలక్రమమున నెపోలియను చక్రవర్తి యయ్యెను. 1804 డిసెంబరు 2 వ తేదీన పట్టాభిషేకమునకు పోపు పారిసునకు పోగా, కొన్సాల్వి రోములో రాజ్యము నడపెను. ఇంగ్లీషువారికి రేవులు మూయుమనియు, వారిని వెడలగొట్టుమనియు నెపోలియను ఒత్తిడిచేయగా పోపు సమ్మతింపలేదు. దీనికంతకును కొన్సాల్వియే కారణమని చక్రవర్తి మండిపడెను. తన పదవివలన ప్రభువునకు కీడు రాకూడదని కొన్సాల్వి 1806 జూనులో రాజీనామా నిచ్చెను. అయినను ఆపద ఆగలేదు. 1809 జూలైలో నొక రాత్రి ఫ్రెంచిసైనికులు గోడలెక్కి పోపును పట్టుకొని చెఱకు గొనిపోయిరి. కొన్సాల్విని పారిసునకు తరలించిరి.

1810 ఏప్రిలులో నెపోలియను మొదటిభార్యను విడిచి ఆస్ట్రియా రాకుమార్తెను పెండ్లాడెను. మొదటి వివాహము చెల్లదని తీర్పు చెప్పవలసినది పోపు. చెప్పినది పారిసులోని గురువులు. అందుచే పదుమువ్వురు కార్డినలులు పెండ్లికి పోలేదు. వారిలో కొన్సాల్వి ఒకడు. వారికై వేసిన ఆసనములు ఖాళీగా నుండుటను చక్రవర్తి కన్నులార జూచెను. వారి ఆస్తులు లాగికొని, ఎఱ్ఱవస్త్రములు ధరింపరాదని శాసించి, వేర్వేఱు ఊళ్లకు పంపివేసెను. నాటినుండి వారికి నల్లకార్డినలులను పేరు వచ్చెను. కొన్సాల్వి రీమ్సు పట్టణమున చేరి, కావలివారి కన్నుగప్పి 1812 లో తన స్మృతిగ్రంథమును వ్రాసెను. తొమ్మిదేండ్ల క్రిందట మాటలో నొకపదము కొఱకు పోరాడినవాడు ఇప్పుడు మౌనముతోనే పోరాడెను. రాయబారికి మాటాడుట ఎంత విద్యయో, పోకుండుటయు అంత విద్యయే.

1813 జనవరిలో, మంత్రులకు దూరమై, వ్యాధిచే క్రుంగియున్న పోపుచేత నెపోలియను ఫాంటెనెబ్లోలో నొక క్రొత్త ఒడంబడికకు చేవ్రాలు చేయించుకొనెను. పిదప కొన్సాల్వి మొదలగువారిని విడిచిపెట్టగా, వారు పోపును చేరిరి. వారి యాలోచనపై పోపు మార్చి 24 వ తేదీన, నేను చేసినది తప్పని చక్రవర్తికే లేఖ వ్రాసి దానిని ఉపసంహరించుకొనెను. తన తప్పును తానే వ్రాసి యొప్పుకొనుట అధికారమందున్నవారికి ఎంత కష్టమో పెద్దలు మీరెఱుగుదురు.

1814 లో నెపోలియను పడిపోయెను. పోపు రోమునకు వచ్చుచు, త్రోవలోనే కొన్సాల్విని మరల రాజ్యకార్యదర్శిగా నియమించి విదేశములకు పంపెను. ఆయన పారిసునుండి లండనునకు పోయెను. రెండువందల సంవత్సరములకు పైగా ఏ కార్డినలును అడుగుపెట్టని దేశమది. కాథొలిక్కు మతస్థులకు శాసనసభలో చోటైనను లేని కాలమది. అయినను రాజప్రతినిధియగు యువరాజు ఆయనను గౌరవముతో మన్నించెను. తరువాత 1814 శరత్కాలమునుండి 1815 జూనువఱకు వియన్నా నగరమున ఐరోపా రాజ్యములన్నియు కూడి పటమును మరల గీచికొనినవి. అక్కడ మెటర్నిహ్, టలేరాను, కాసల్రే మొదలగు ఉద్దండుల నడుమ కొన్సాల్వి కూర్చుండెను.

ఆ సభలో ఎవరి వెనుక ఎంత సైన్యమున్నదో వారి మాటకంత విలువ. కొన్సాల్వి వెనుక న్యాయమన్న యొక్కమాట మాత్రమే యుండెను. దీర్ఘకాలము ఓపికతో ఇంటింటికి తిరిగి, ఒకనికి మఱియొకనిపై గల శంకను కనిపెట్టి, తన పనికి వినియోగించుకొనెను. ఉత్తర ఇటలీ ఆస్ట్రియా చేతిలోనికే పోవుట ఇతరులకు ఇష్టము లేదు. బలహీనుడగు పోపు నడుమ నుండుట అందఱికిని క్షేమకరమని నచ్చజెప్పెను. ఫలితముగా బొలోన్యా, ఫెర్రారా, రవెన్నా ప్రాంతములును, మార్కు సీమయు, బెనెవెంతో, పోంతెకోర్వో పట్టణములును పోపునకు తిరిగి వచ్చెను. ఫ్రాన్సులోని అవిన్యోనును, పో నది కావలియొడ్డున నున్న కొంతభూమియు రాలేదు. రానివానికి జూను 14 వ తేదీన ఆక్షేపణపత్రము దాఖలుచేసి ఊరకుండెను. దొరకినది పుచ్చుకొనుట, దొరకని దానిపై హక్కు చెడకుండ వ్రాసియుంచుట: ఇది మన రైతు లెఱిగిన నీతియే.

ఆ సభయందే రాయబారుల తారతమ్యములను గూర్చి 1815 మార్చి 19 వ తేదీన ఒక కట్టడి యేర్పడెను. అంతకు ముందు ఎవరు ముందు నడువవలెనన్న దానిపై వీథులలో కత్తులు దూసిన సందర్భములు గలవు. ఇకమీదట ముందు వచ్చినవాడు ముందని నిర్ణయించిరి. అయినను పోపు ప్రతినిధికి పూర్వమునుండి వచ్చుచున్న అగ్రతాంబూలమునకు దీనివలన లోటు రాదని అందే వ్రాసికొనిరి. ఆ మర్యాద 1961 లో వియన్నాలోనే కుదిరిన దౌత్యసంబంధముల ఒప్పందమందును నిలిచియున్నది.

రోమునకు వచ్చినపిమ్మట కొన్సాల్వి స్వదేశమును చక్కబెట్టబూనెను. 1816 జూలైలో ప్రకటింపబడిన శాసనము పాలనను ఏకరీతిగా జేసి, గురువులు కానివారికి క్రిందితరగతి ఉద్యోగములలో చోటిచ్చెను. ఫ్రెంచివారు తెచ్చిన మేలుపద్ధతులను శత్రువులవని త్రోసివేయలేదు. దీనిచే ఆయనకు రెండుపక్కల శత్రువులేర్పడిరి. పాతకాలమే రావలెనను కార్డినలులు, ఇతడు విప్లవమునకు తలుపు తీయుచున్నాడనిరి. క్రొత్తకాలము గోరువారు, పైపదవులన్నియు గురువులకే యుంచెనని సణగిరి. రెండవవారి మాటలోను నిజమున్నది. ఆయన సగమే చక్కదిద్దెను. మిగిలిన సగము దిద్దకుండుటయు ఆ రాజ్యమునకు చేటైనది. 1870 లో రోము ఇటలీ రాజ్యమున కలసిపోయెను. ఇరుగుపొరుగు రాజులతో మాట కుదుర్చుకొనినంత తేలికగా, ఇంటిలోనివారితో కుదుర్చుకొనుట ఎవనికిని సాధ్యము కాదేమో!

ఇక ఒక్క సంగతి చెప్పి ముగింతును. నెపోలియను ఓడి సెంటు హెలీనా దీవిలో బందీగా నుండగా, వాని బంధువులను చేర్చుకొనుటకు ఐరోపా రాజులు వెనుదీసిరి. చేర్చుకొన్నది రోము. వాని తల్లి లెటీసియా, ఏ పోపును వాడు చెఱబెట్టెనో ఆ పోపు నీడననే వృద్ధాప్యమును గడపెను. 1817 లో పోపు కొన్సాల్వికి వ్రాయుచు, ఆ దీవిలో నెపోలియను పడుచున్న కష్టము తగ్గునట్లు ఇంగ్లండు యువరాజునకు విన్నవింపుమని కోరెను. ఆ నడుమ వచ్చిన పగలను మఱచి, 1801 లో మతమును నిలిపినవాడతడేయని తలచికొనుడని ఆ లేఖయొక్క భావము. దానిని నిర్వహించినవాడు, ఆ చక్రవర్తిచేతనే ఆస్తియు వస్త్రమును గోల్పోయిన కొన్సాల్వి.

ఏడవ పయస్ 1823 ఆగస్టు 20 వ తేదీన మృతినొందెను. క్రొత్తపోపు పన్నెండవ లియో కొన్సాల్విని పదవినుండి తొలగించి, పిమ్మట ఆయన విలువ తెలిసికొని, ఆలోచన అడిగి, మతప్రచారశాఖకు అధిపతిగా నియమించెను. కాని ఆయుర్దాయము చెల్లిపోయినది. 1824 జనవరి 24 వ తేదీన ఆయన కాలధర్మము నొందెను. రాజులు తనకు కానుకగా నిచ్చిన నస్యపుడబ్బీల నమ్మి, ఆ ధనముతో తన ప్రభువగు ఏడవ పయస్‌నకు స్మారకము కట్టింపవలెనని వీలునామాలో వ్రాసియుంచెను. డెన్మార్కు శిల్పి థోర్వాల్డ్‌సెను దానిని చెక్కెను. ఆ శిల్పి కాథొలిక్కు కాడు. అన్యశాఖవాడైనను చేయదగినవాడని కొన్సాల్వి యెన్నుకొనెను. ఆ స్మారకము రోములోని పేతురు మహాదేవాలయమున నేటికిని గలదు.

1801 నాటి ఒడంబడిక ఫ్రాన్సున 1905 వఱకు నిలిచెను. ఆ దేశపు తూర్పుకొసనున్న ఆల్సాసు, మోజెల్ ప్రాంతములలో నేటికిని చెల్లుచున్నది. నెపోలియను కట్టిన సామ్రాజ్యము పదియేండ్లు నిలిచినది. వాని యెదుట నిద్రలేక కూర్చున్న ఆయుధములేని మనుష్యుని చేవ్రాలు నూఱేండ్లు దాటినది.

పెద్దలారా, ఇతడు దేవుడు కాడు, లోపములేని వాడును కాడు. కాని తగవు తీర్చువాడెట్లుండవలెనో మూడు సంగతులు ఇతని బ్రతుకున గలవు. ఇవ్వదగినదేదో ఇవ్వరానిదేదో ఇల్లు వెడలకముందే నిశ్చయించుకొనుట ఒకటి. ఎంత ప్రొద్దుపోయినను చదువక చేవ్రాలు చేయకుండుట రెండవది. పని ముగిసినపిమ్మట పగ మోయకుండుట మూడవది. మొదటి రెండును తెలివిచే అబ్బును. మూడవది అబ్బుటకు తెలివి చాలదు.

సెలవు.